గడువు దాటిందా? దాక్కోకండి!

ఫ్రీలాన్స్, ఇంటర్న్‌షిప్, పార్ట్‌టైమ్ పనులతో సంపాదించి ఇంకా ఐటీ రిటర్న్ వేయలేదా? డిసెంబరు 31 వరకు తలుపు తెరిచే ఉంటుంది. ఆ తర్వాత మీరు ప్రభుత్వానికి కట్టడం కుదురుతుంది కానీ, మీకు రావాల్సింది వెనక్కి తెచ్చుకోవడం దాదాపు కుదరదు.

నా మొదటి క్లయింట్ నెలకు 35 వేలు ఇస్తామన్నారు. నెలాఖరుకు అకౌంట్లో పడింది 31,500. ఫోన్ చేసి అడిగితే ‘టెన్ పర్సెంట్ టీడీఎస్ పోతుంది బ్రదర్, అందరికీ అంతే’ అన్నారు. నేనూ సరే అనుకున్నా. 2021లో బీటెక్ అయిపోయి, తెనాలిలో మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని వెబ్‌సైట్లు చేసుకుంటున్న రోజులవి. పన్ను వాళ్లే పట్టుకున్నారు కదా, ఇక మనకేం పని? ఇదీ నా లెక్క.

ఆ ఆర్థిక సంవత్సరంలో నా బిల్లులు మొత్తం 4.20 లక్షలు. అందులో 42 వేలు టీడీఎస్‌గా పోయాయి. రిటర్న్ వేయడానికి 2022 జులై 31 గడువు. ఆ సంగతి నాకు ఆగస్టులో తెలిసింది, అదీ ఓ ఫ్రెండ్ వాట్సాప్ స్టేటస్ చూసి. ‘అయిపోయిందిగా. ఇప్పుడు వేస్తే ఫైన్ వేస్తారు, నోటీసులొస్తాయి. కదిలించుకోవడం ఎందుకు’ అని ఊరుకున్నా. మరుసటి ఏడాదీ అంతే. మొదటి ఏడాది వేయనివాడు రెండో ఏడాది వేస్తే పాతది బయటపడుతుందని భయం.

2024 మార్చిలో బండి లోన్‌ కోసం వెళ్తే బ్యాంకులో రెండేళ్ల ఐటీఆర్‌లు అడిగారు. ఇక తప్పక నాన్నకు తెలిసిన ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లా. ఆయన నా పాన్ వివరాలతో పోర్టల్‌లో ఐదు నిమిషాలు చూసి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి అన్నారు: ‘మొదటి ఏడాది నువ్వు గవర్నమెంటుకు బాకీ లేవురా. గవర్నమెంటే నీకు 42 వేలు బాకీ. అడగాల్సిన టైములో అడగలేదు, అంతే.’

2022 డిసెంబరు 31 లోపు ఆలస్యంగానైనా రిటర్న్ వేసుంటే మహా అయితే వెయ్యి రూపాయల రుసుం పోయేది. మిగతాది నా ఖాతాకి వచ్చేసేది. రెండో ఏడాది కథ రివర్స్. విదేశీ క్లయింట్, టీడీఎస్ లేదు, నేను కట్టాల్సిన పన్ను 23,400. వడ్డీ, ఆలస్య రుసుం, అదనపు పన్ను కలిపి చివరికి కట్టింది దాదాపు 41 వేలు. రెండేళ్లూ కలిపి చూస్తే నా భయం ఖరీదు సుమారు 60 వేలు. తమాషా ఏంటంటే, ఆ రెండేళ్లలో నాకు ఒక్క నోటీసూ రాలేదు. నోటీసు వస్తుందేమో అన్న భయానికే అంత డబ్బు పోయింది.

ఇది మీకూ సంబంధించిందే

‘నాకింకా ఉద్యోగమే రాలేదు, పన్ను గోల నాకెందుకు’ అంటారేమో. ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఫైనలియర్‌లో పెయిడ్ ఇంటర్న్‌షిప్ చేశారా? ఎవరికైనా లోగోలు, రీల్స్, యాప్‌లు చేసిచ్చారా? ఆన్‌లైన్‌లో ట్యూషన్ చెప్పారా? కోడింగ్ క్లాసులకు గెస్ట్‌గా వెళ్లారా? అక్కడ ‘కన్సల్టెంట్’ అనో ‘ప్రొఫెషనల్ ఫీజు’ అనో డబ్బులిస్తే మామూలుగా 10 శాతం టీడీఎస్ కోసే ఉంటారు. 2024-25లో ఒకే సంస్థ నుంచి ఏడాదికి 30 వేలు దాటితే ఈ కోత వర్తించింది. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 50 వేలు అయింది.

టీడీఎస్ అంటే పన్ను కట్టేసినట్టు కాదు. అది అడ్వాన్సు లాంటిది. ఏడాది చివర్లో అసలు లెక్క తేలాలి. ఎక్కువ పోతే వెనక్కి వస్తుంది, తక్కువైతే మీరు కలిపి కట్టాలి. ఆ లెక్క తేల్చే కాగితమే రిటర్న్. మీరు అది వేయకపోతే లెక్క తేలదు. మీ డబ్బు అక్కడే ఉండిపోతుంది.

ఇంకో సంగతి. ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోయినా కొందరు రిటర్న్ వేసి తీరాలి. ఏడాదిలో మీ పేరు మీద కోసిన టీడీఎస్, టీసీఎస్ కలిపి 25 వేలు లేదా అంతకు మించితే మీరు ఆ జాబితాలో ఉన్నట్టే. వృత్తి ద్వారా వచ్చిన మొత్తం 10 లక్షలు దాటినా అంతే.

ఇక కెరియర్ వైపు నుంచి చూస్తే, సొంతంగా పనిచేసుకునేవాళ్లకు శాలరీ స్లిప్ ఉండదు. ‘నేను సంపాదిస్తున్నా’ అని చెప్పడానికి చేతిలో ఉండే గట్టి కాగితం ఐటీఆరే. బ్యాంకు లోన్ దగ్గరా, వీసా ఫైల్ దగ్గరా ముందు అడిగేది అదే. ఫ్రీలాన్స్ అనుభవం రెజ్యూమెలో రాసుకుంటే దానికి రుజువుగా ఫారం 26ఏఎస్ అడిగే కంపెనీలూ ఉన్నాయి.

ముందు భయం సంగతి తేల్చుకుందాం

గడువు దాటితే ఏమవుతుందో తెలియకపోవడం వల్లే సగం భయం. అసలు జరిగేది ఇది:

ఆలస్య రుసుం: మొత్తం ఆదాయం 5 లక్షల లోపుంటే 1,000 రూపాయలు, దాటితే 5,000 రూపాయలు. ఒక రోజు లేటైనా, మూడు నెలలు లేటైనా ఇది మారదు. అసలు రిటర్న్ వేయాల్సిన అవసరమే లేనివాళ్లకు ఈ రుసుమూ ఉండదు.

వడ్డీ: కట్టాల్సిన పన్ను మిగిలి ఉంటేనే, నెలకు 1 శాతం. నెలలో ఒక్క రోజు గడిచినా పూర్తి నెల కిందే లెక్క. టీడీఎస్ పోగా ఇంకా 10 వేలు లేదా అంతకంటే ఎక్కువ పన్ను కట్టాల్సి ఉండి ముందస్తు పన్ను కట్టకపోతే దానికి విడిగా వడ్డీ పడుతుంది.

పాత పన్ను విధానం పోతుంది: గడువు దాటాక వేస్తే కొత్త విధానంలోనే లెక్క కట్టాలి. ఎల్ఐసీ, పీపీఎఫ్ మినహాయింపులు వాడుకోవాలని ఉన్నా కుదరదు.

నష్టాలు ముందుకు తీసుకెళ్లలేరు: ఇది ట్రేడింగ్ చేసేవాళ్లు గమనించాలి. ఎఫ్ అండ్ ఓలోనో షేర్లలోనో నష్టం వస్తే, గడువులోగా రిటర్న్ వేసినవాళ్లు దాన్ని 8 ఏళ్ల వరకు తర్వాతి లాభాల్లో సర్దుకోవచ్చు. ఆలస్యంగా వేస్తే ఆ అవకాశం పోయినట్టే.

మరి జైలు? ఉద్దేశపూర్వకంగా రిటర్న్ ఎగ్గొడితే కేసు పెట్టే సెక్షన్ చట్టంలో ఉన్న మాట నిజం. కానీ టీడీఎస్, ముందస్తు పన్ను పోగా మిగిలిన బాకీ 10 వేలు మించకపోతే వ్యక్తులకు ఆ సెక్షన్ వర్తించదు. రిఫండ్ రావాల్సిన కుర్రాడు జైలు గురించి భయపడి ఇంట్లో కూర్చోవడం ఎలా ఉంటుందంటే, అప్పిచ్చినవాడే అప్పు తీసుకున్నవాణ్ని చూసి సందులోకి తప్పుకున్నట్టు. నేను రెండేళ్లు చేసింది అదే.

తలుపులు ఒక్కొక్కటిగా మూసుకుంటాయి

ఇక్కడ ఒక చిన్న గందరగోళం తీర్చేద్దాం. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు సంపాదించింది 2024-25 ఆర్థిక సంవత్సరం ఆదాయం. దానికి రిటర్న్ వేసే ఏడాదిని 2025-26 మదింపు సంవత్సరం అంటారు. పోర్టల్‌లో ఎంచుకోవాల్సింది రెండోది. చాలామంది ఇక్కడే తప్పు ఏడాది నొక్కేస్తారు. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో ఈ రెండు పేర్ల గొడవ తీసేసి ‘పన్ను సంవత్సరం’ అనే ఒకే మాట పెట్టారు. మనం మాట్లాడుకుంటున్న ఏడాదికి మాత్రం పాత చట్టమే.

మొదటి తలుపు: అసలు గడువు. 2025 వరకు ఆడిట్ అవసరం లేనివాళ్లకు మామూలుగా జులై 31. 2025లో సెప్టెంబరు 15కి పొడిగించి, ఆఖరి రాత్రి ఇంకో రోజు కలిపి 16 చేశారు. ఇది మూసుకుపోయింది.

రెండో తలుపు: డిసెంబరు 31 (2024-25 ఆదాయానికి 2025 డిసెంబరు 31తో ఇది మూసుకుపోయింది). దీన్ని ఆలస్యపు రిటర్న్ అంటారు. సెక్షన్ 139(4). రుసుం కట్టి, బాకీ ఉంటే వడ్డీతో కట్టి రిటర్న్ వేయొచ్చు. ముఖ్యంగా, ఇందులో రిఫండ్ అడగొచ్చు.

మూడో తలుపు: ఐటీఆర్-యూ, అంటే అప్‌డేటెడ్ రిటర్న్. డిసెంబరు 31 కూడా దాటినవాళ్లకు ఇదే దిక్కు. 2022లో దీన్ని తెచ్చినప్పుడు మదింపు సంవత్సరం ముగిశాక రెండేళ్ల వరకే వీలుండేది. 2025 ఏప్రిల్ నుంచి నాలుగేళ్లు చేశారు. అయితే దీని నడక ఒకవైపే. మీరు పన్ను కట్టాల్సి ఉంటేనే ఇది పనికొస్తుంది. రిఫండ్ కోసమో, నష్టం చూపించడానికో వేయడానికి వీల్లేదు. పైగా పన్ను, వడ్డీ కలిపిన మొత్తం మీద అదనపు పన్ను పడుతుంది. మొదటి ఏడాదిలో 25 శాతం, రెండో ఏడాదిలో 50, మూడో ఏడాదిలో 60, నాలుగో ఏడాదిలో 70 శాతం. డబ్బు ముందు కట్టి, ఆ చలానా వివరాలతోనే రిటర్న్ వేయాలి.

చూశారుగా? డిసెంబరు 31 దాటిన మరుక్షణం ముందుగా మూసుకునేది మీకు డబ్బు వచ్చే తలుపు. మీ దగ్గర్నుంచి డబ్బు వెళ్లే తలుపు మాత్రం ఇంకో నాలుగేళ్లు తెరిచే ఉంటుంది. ఆ తేదీని క్యాలెండర్‌లో ఎర్ర ఇంకుతో చుట్టమనేది అందుకే.

కిటికీ లాంటిది ఒకటి ఉంది. నిజంగా మీ చేతిలో లేని కారణంతో రిఫండ్ అడగలేకపోతే, ఆలస్యాన్ని మన్నించమని శాఖకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మదింపు సంవత్సరం ముగిశాక ఐదేళ్ల వరకు వీలుంది. కోటి రూపాయల్లోపు అయితే ప్రిన్సిపల్ కమిషనర్ లేదా కమిషనర్ స్థాయిలో నిర్ణయం తీసుకుంటారు. కానీ కారణాన్ని కాగితాలతో చూపించాలి. పెద్ద జబ్బు చేసి ఆసుపత్రిలో ఉండటం లాంటివి చెప్పుకోవడానికి ఉంటాయి. నా 42 వేలకు ఈ దారి చూద్దామా అని ఆడిటర్ గారిని అడిగితే, ‘కారణం కాలమ్‌లో ఏం రాస్తావురా, సిగ్గేసింది అనా?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

రెండు లెక్కలు చూడండి

లెక్క 1: టీడీఎస్ పోయినవాళ్లు. వెబ్ డిజైన్ చేసే ఓ అమ్మాయికి 2024-25లో ఒక సంస్థ నుంచి 7.20 లక్షలు వచ్చాయనుకుందాం. 10 శాతం చొప్పున 72 వేలు టీడీఎస్ పోయింది. ఇలాంటి వృత్తులకు సెక్షన్ 44ఏడీఏ అనే వెసులుబాటు ఉంది. వచ్చిన మొత్తంలో కనీసం సగాన్ని ఆదాయంగా చూపిస్తే చాలు, మిగతా సగం ఖర్చుల కింద పోతుంది. పద్దు పుస్తకాలు రాయక్కర్లేదు. అంటే ఆదాయం 3.60 లక్షలు. కొత్త విధానంలో 3 లక్షల వరకు పన్ను లేదు, ఆపైన 60 వేల మీద 5 శాతం అంటే 3 వేలు. ఆదాయం 7 లక్షల లోపే కాబట్టి 87ఏ రిబేటుతో అదీ సున్నా. ఆలస్య రుసుం 1,000 పోగా చేతికొచ్చేది 71 వేలు. అదే జనవరి 1న పోర్టల్ తెరిస్తే? సున్నా.

లెక్క 2: టీడీఎస్ లేనివాళ్లు. విదేశీ క్లయింట్లకు సాఫ్ట్‌వేర్ పని చేసి 20 లక్షలు సంపాదించిన అబ్బాయి అనుకుందాం. సగం లెక్కన ఆదాయం 10 లక్షలు. పన్ను 50 వేలు, సెస్‌తో 52 వేలు. ముందస్తు పన్ను కట్టలేదు. 2025 డిసెంబరులో వేసి ఉంటే 5 వేల రుసుం, వడ్డీలు కలిపి పైన పడేది సుమారు 12 వేలు. 2026 జూన్‌లో ఐటీఆర్-యూ కింద వేస్తే, పెరిగిన వడ్డీ, 25 శాతం అదనపు పన్నుతో కలిపి పైన పడేది 34, 35 వేల దాకా వెళ్తుంది. ఆరు నెలల వాయిదాకు దాదాపు మూడు రెట్లు.

ఒక హెచ్చరిక. 44ఏడీఏ అందరికీ కాదు. ఐటీ పని, ఇంజినీరింగ్, సాంకేతిక సలహాలు, ఇంటీరియర్ డిజైన్ లాంటి వృత్తులకు ఓ జాబితా ఉంది. కంటెంట్ రాయడం, వీడియో ఎడిటింగ్, యూట్యూబ్ ఆదాయం లాంటివి ఏ కోవలోకి వస్తాయో ఆడిటర్‌ని ఒక్కమాట అడిగి వేయండి.

ఈ రాత్రే మొదలుపెట్టండి

మొత్తం పని ఒక్క రాత్రిలో అవ్వాల్సిన అవసరం లేదు. కానీ మొదటి రెండు మెట్లకు అరగంట చాలు.

1. ఆదాయపు పన్ను ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో పాన్ నంబరుతో లాగిన్ అవ్వండి. ఇప్పటివరకు ఖాతా లేకపోతే రిజిస్టర్ చేసుకోండి. పాన్, ఆధార్ లింకు అయ్యాయో లేదో అక్కడే చూడండి. లింకు లేక పాన్ పనిచేయని స్థితిలో ఉంటే రిఫండ్ రాదు.

2. ఫారం 26ఏఎస్, ఏఐఎస్ రెండూ డౌన్‌లోడ్ చేయండి. ఎవరు ఎంత ఇచ్చారు, ఎంత కోశారు, బ్యాంకు వడ్డీ ఎంత, షేర్లు ఎన్ని అమ్మారు అన్నీ అందులో ఉంటాయి. మీకు తెలియకముందే శాఖకు తెలుసన్నమాట. కోసిన టీడీఎస్ 26ఏఎస్‌లో కనిపించకపోతే ఆ సంస్థను ఫారం 16ఏ అడగండి. వాళ్లు కోసి కట్టకపోయి ఉండొచ్చు, మీ పాన్ తప్పుగా వేసి ఉండొచ్చు.

3. బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని ఏడాది మొత్తం వచ్చిన డబ్బు రాసుకోండి. టీడీఎస్ లేని చిన్న పేమెంట్లు, యూపీఐలో వచ్చినవి, బయటి దేశం నుంచి వచ్చినవి అన్నీ కలపాలి. గుర్తుంచుకోండి, చూపించాల్సింది అకౌంట్లో పడిన 31,500 కాదు, బిల్లు వేసిన 35,000.

4. ఫారం ఎంచుకోండి. 44ఏడీఏ కింద సగం లెక్క చూపించేవాళ్లకు ఐటీఆర్-4. షేర్లలో స్వల్పకాలిక లాభాలో, ఎఫ్ అండ్ ఓనో ఉంటే ఐటీఆర్-3. ఫ్రీలాన్స్ ఆదాయాన్ని ఐటీఆర్-1లో దూర్చకండి, అది జీతగాళ్ల ఫారం.

5. ఫైలింగ్ సెక్షన్ అడిగే చోట 139(4) ఎంచుకోండి. పన్ను, రుసుం బాకీ చూపిస్తే ‘ఈ-పే ట్యాక్స్’లో స్వీయ మదింపు పన్ను కింద కట్టి, చలానా నంబరు నమోదు చేయండి.

6. రిఫండ్ రావాల్సిన బ్యాంకు ఖాతాను ముందే వ్యాలిడేట్ చేయండి. ఖాతాలో పేరు, పాన్‌లో పేరు ఒకేలా ఉండాలి. ఇంటి పేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండే మన తెలుగువాళ్లకు ఇది తరచూ వచ్చే చిక్కే.

7. సబ్మిట్ కొట్టగానే పని అయిపోలేదు. ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేస్తేనే అది రిటర్న్. 30 రోజులు గడువుంటుంది. అది దాటాక చేస్తే, వెరిఫై చేసిన రోజే రిటర్న్ వేసిన రోజు అవుతుంది. డిసెంబరు 31న సబ్మిట్ చేసి ఫిబ్రవరిలో వెరిఫై చేస్తే డిసెంబరు తలుపు దాటిపోయినట్టే. అక్కడికక్కడే ఓటీపీ కొట్టేయండి.

పాత ఏళ్లవి మిగిలిపోతే?

ముందు ఈ ఏడాదిది వేయండి. పాతది బయటపడుతుందని కొత్తది ఆపడం నేను చేసిన తప్పు. టీడీఎస్ పడిందంటే అది అప్పుడే బయటపడి ఉంది, ఇక దాయడానికేముంది? తర్వాత ఒక్కో ఏడాది 26ఏఎస్ తీసి రెండు కుప్పలు చేయండి. టీడీఎస్ ఎక్కువ పోయిన ఏళ్లు ఒక కుప్ప, పన్ను బాకీ ఉన్న ఏళ్లు ఇంకో కుప్ప. బాకీ ఉన్న ఏళ్లకు ఐటీఆర్-యూ ఉంది. 2026 మార్చి 31 లోపు వేసినవాళ్లకు 2023-24 ఆదాయానికి అదనపు పన్ను 25 శాతమే, 2022-23కి 50, 2021-22కి 60, 2020-21కి 70. ఆ తేదీ దాటితే 2020-21కి దారే మూసుకుపోతుంది, మిగతావి ఒక్కో మెట్టు పైకెళ్తాయి. సోదాలు జరిగితే ఐటీఆర్-యూ కుదరదు. శాఖే ముందు పట్టుకుంటే దాచిన ఆదాయం మీద పన్నుకు 50 శాతం, తప్పుడు లెక్కలు చూపిస్తే 200 శాతం జరిమానా ఉంటుంది. మనమే ముందు వెళ్లడం ఎప్పుడూ చౌక.

ఈ వలల్లో పడకండి

గడువులు దగ్గరపడితే మోసగాళ్లకు సీజన్. ‘మీ రిఫండ్ ఆమోదమైంది, ఈ లింకు నొక్కండి’ అని మెసేజ్ వస్తే నొక్కకండి. రిఫండ్ కోసం శాఖ మీ కార్డు నంబరు, పిన్, ఓటీపీ అడగదు. నోటీసు పేరుతో ఏదైనా వస్తే దాని మీద డిన్ అనే గుర్తింపు నంబరు చూడండి. పోర్టల్ మొదటి పేజీలోనే, లాగిన్ కాకుండానే, ఆ నంబరు కొట్టి నోటీసు అసలుదో కాదో తేల్చుకోవచ్చు.

రెండోది, ‘ఎంత పోయినా రిఫండ్ తెప్పిస్తాం, అందులో మాకు వాటా’ అనే ఏజెంట్లు. లేని ఖర్చులు, లేని విరాళాలు చూపించి తెచ్చే రిఫండ్ మీ పేరు మీదే ఉంటుంది, నోటీసు కూడా మీ పేరు మీదే వస్తుంది. వాడి ఫోన్ అప్పటికి స్విచ్ఛాఫ్.

నోటీసు అంటే అరెస్టు వారెంటు కాదు. చాలావరకు ‘ఈ లెక్క కలవడం లేదు, వివరణ ఇవ్వండి’ అనే ప్రశ్న మాత్రమే. దానికి ఎప్పటిలోగా జవాబివ్వాలో అందులోనే రాసి ఉంటుంది. చూడకుండా మూలన పడేస్తేనే ప్రమాదం.

వచ్చే ఏడాదికి ఈ పరుగు వద్దంటే

నేను ఇప్పుడు చేసేది చెప్తా. పెద్ద సిస్టమ్ ఏమీ లేదు. ఫ్రీలాన్స్ డబ్బుకు వేరే సేవింగ్స్ ఖాతా. ఏ పేమెంట్ వచ్చినా గూగుల్ షీట్‌లో ఒక్క లైను: తేదీ, ఎవరు, బిల్లు ఎంత, టీడీఎస్ ఎంత. టీడీఎస్ లేకుండా వచ్చిన ప్రతి పేమెంట్‌లో పదోవంతు పక్కన పెట్టేస్తా, అది నాది కాదనుకుంటా. మార్చి 15ని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకున్నా. 44ఏడీఏ వాళ్లు ముందస్తు పన్ను మొత్తం ఆ రోజులోగా ఒకేసారి కట్టేయొచ్చు. జూన్‌లో 26ఏఎస్ చూసుకుని, జులైలో రిటర్న్ వేసేస్తా. మొదటిసారి ఆడిటర్ గారితో వేయించాను, ఇప్పుడు నేనే వేస్తున్నా. సందేహం వచ్చిన ఏడాది మళ్లీ ఆయన దగ్గరికే వెళ్తా. ఆయనకిచ్చే ఫీజు నేను పోగొట్టుకున్న దాంట్లో మూలకు కూడా రాదు.

మీరు ఉద్యోగాల వేటలో ఉన్నారు. ఈ రెండు మూడేళ్లలో ఎక్కడ పదివేలు వస్తే అక్కడ పని చేస్తారు. ఇంటర్న్‌షిప్, కాంట్రాక్టు, ఫ్రీలాన్స్, కోచింగ్ క్లాసు. అన్నిచోట్లా ఎవరో ఒకరు కొంత కోసే ఇస్తారు. నెలకు 31,500 వచ్చేవాడికి 42 వేలు చిన్న మొత్తం కాదు. అది ఒక నెల జీతం కంటే ఎక్కువ. నేను ఆ ఏడాది పదమూడు నెలలు పని చేసి పన్నెండు నెలలకే డబ్బు తీసుకున్నట్టు లెక్క.

బండి లోన్ సంగతి అడుగుతారేమో. ఐటీఆర్-యూ వేసి, ఆ తర్వాతి ఏడాదిది జులైలోనే వేసి, రెండు కాగితాలూ పట్టుకెళ్తే లోన్ ఇచ్చారు. ఆలస్యంగా వేసిన రిటర్న్ కూడా రిటర్నే. వేయనిది మాత్రం ఎక్కడా చెల్లదు.

కాబట్టి, ఈ పేజీ మడిచి పక్కన పెట్టేముందు ఒక్క పని చేయండి. పోర్టల్‌లో లాగిన్ అయి 26ఏఎస్ తెరవండి. అందులో మీ పేరు మీద ఎంత ఉందో చూడండి. ఆ అంకె చూశాక ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు.